ఇచ్చిన మాన్యం, వదలని వెట్టి: మహార్ వతన్ చరిత్ర మనకేం చెబుతుంది?

మన పల్లెల్లో పెద్దవాళ్లను కదిలిస్తే "మా తాతల కాలంలో మాకు మాన్యం ఉండేది" అని కాస్త గర్వంగానే చెబుతారు. ఆ మాన్యం ఎట్లా వచ్చిందో చెప్పే కథ కూడా ఒకటి ఉంటుంది. ఏ రాజుకో, ఏ నవాబుకో మనవాడొకడు ఆపదలో అక్కరకొచ్చాడు, ఆయన మెచ్చి భూమి రాసిచ్చాడు అంటారు. భూమి ముఖం ఎరగని కులానికి భూమి దొరికిందంటే అదృష్టమే గదా. అయితే అదే మనిషిని ఇంకాస్త కదిలిస్తే రెండో సంగతి బయటికొస్తుంది. ఆ మాన్యం ఉన్నందుకే పటేలు పిలిస్తే పోవాలి, అధికారి వస్తే గుర్రానికి గడ్డి వెయ్యాలి, కబురు మొయ్యాలి, కావలి కాయాలి. వెట్టి మానేద్దామంటే భూమి పోతుంది. భూమి ఉంచుకుందామంటే వెట్టి పోదు.

ఈ రెండు సంగతుల్నీ విడదీయకుండా చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు మేము మహారాష్ట్రలోని మహార్ వతన్‌ను ఎంచుకున్నాం. దీనిమీద ఉన్నంత చర్చ, చట్టసభల్లో నడిచినంత వాదం మన దగ్గరి వెట్టి మాన్యాల మీద జరగలేదు. దాన్ని తెంచడానికి అంబేద్కర్ 1920ల నుంచి ఏళ్ల తరబడి పోరాడారు. పైగా మరాఠ్వాడా జిల్లాలు 1956 దాకా తెలంగాణతో కలిసి హైదరాబాదు రాష్ట్రంలోనే ఉన్నాయి. వాళ్ల బలుతం, మన బలూత ఒకే మాట. కాబట్టి ఇది పరాయి చరిత్ర కాదు.

బీదరు బాదుషా కథ

మహార్లు తమ వతన్ ఎట్లా వచ్చిందో చెప్పుకునే కథ ఒకటుంది. బీదరు బాదుషా అంతఃపురపు స్త్రీని సురక్షితంగా తోడుకొచ్చే పని అమృతనాక్ అనే మహారుకు అప్పజెప్పారట. దారిలో ఏదో జరిగిందని రేపు ఎవరైనా నింద వేస్తారని అతనికి ముందే తెలుసు. అందుకని బయలుదేరే ముందే తన పురుషాంగాన్ని తానే కోసుకుని, పెట్టెలో పెట్టి, ముద్ర వేయించి బాదుషా దగ్గర దాచాడు. పని ముగించి తిరిగొచ్చాక అనుకున్నట్టే నింద పడింది. పెట్టె తెరిపించాడు. బాదుషా నివ్వెరపోయి ఏం కావాలో కోరుకోమన్నాడు. అమృతనాక్ తనకంటూ ఏమీ అడగలేదు, తన కులానికి హక్కులు అడిగాడు. అట్లా దొరికినవే యాభై రెండు హక్కులని చెప్పుకుంటారు. కథ రకరకాలుగా ఉంది, వివరాలు ఊరికో తీరుగా మారతాయి. దీన్ని జరిగిన చరిత్రగా మేము చూపడం లేదు. ఒక కులం తన బతుకును తనకు తాను ఎట్లా వివరించుకుందో చెప్పే సాక్ష్యంగా మాత్రం చూడాల్సిందే.

ఈ కథలో రెండు విషయాలు గమనించాలి. ఒకటి, అంటరానివాడి నిజాయితీని ఎవరూ మాట మీద నమ్మరు. శరీరం కోసిచ్చి రుజువు చేసుకోవాలి. రెండు, అంత మూల్యం చెల్లించి సంపాదించిన హక్కులేమిటో చూడండి. కళ్లం దగ్గర ఇంత ధాన్యం, ఇంటింటి రొట్టె, చచ్చిన పశువు తోలు, శవం మీద కప్పిన గుడ్డ. ఊరి దృష్టిలో ఇవి అంటరానివాడికి పారేసేవి. మహార్ల దృష్టిలో బాదుషా ముద్ర పడ్డ హక్కులు. ఒకే రొట్టె ఒకరికి బిచ్చం, ఇంకొకరికి హక్కు. ఊరి పెత్తనం ఈ తేడా మీదే శతాబ్దాల పాటు నడిచింది.

మంగళవేఢ దామాజీ కథ కూడా మహారాష్ట్రలో అందరికీ తెలిసిందే. కరువులో సర్కారు గాదెలు తెరిచి జనానికి ధాన్యం పంచిన దామాజీని కాపాడడానికి సాక్షాత్తు విఠోబా దేవుడే విఠు మహార్ వేషంలో బీదరుకు పోయి ఆ సొమ్ము కట్టాడంటారు. సర్కారు సొమ్ము మోసుకుపోయే పని మహారుదే కాబట్టి దేవుడు కూడా ఆ వేషమే కట్టాల్సి వచ్చింది. కథలో అంత నమ్మకస్తుడైన మహారు పంఢరపురం గుడిలోకి మాత్రం 1947 దాకా అడుగు పెట్టలేకపోయాడు.

వతన్‌లో ఏముంది?

వతన్ అంటే వంశపారంపర్యంగా వచ్చే పదవి, దానితో పాటు వచ్చే ఆదాయం. పటేలుకూ వతన్ ఉంది, కులకర్ణికీ ఉంది, మహారుకూ ఉంది. అందుకే మహారు కూడా తనను వతన్‌దారు అని చెప్పుకున్నాడు. పేరు ఒకటే అయినా లోపలి సంగతి వేరు. పటేలు వతన్ అతనికి ఊరి మీద అధికారం ఇచ్చింది. మహార్ వతన్ ఊరికి మహారు మీద అధికారం ఇచ్చింది.

మహారు చేయాల్సిన పనులు చూడండి. ఊరి సరిహద్దు కాయాలి, సరిహద్దు తగాదా వస్తే సాక్ష్యం చెప్పాలి. శిస్తు సొమ్ము ఖజానాకు చేర్చాలి. రైతుల్ని చావడికి పిలుచుకు రావాలి. వచ్చిపోయే అధికారుల సామాను మొయ్యాలి, దారి చూపాలి, గుర్రాల్ని చూసుకోవాలి. ఊరి వాకిలి కాయాలి. చావడి ఊడవాలి. చచ్చిన పశువును ఊరి బయటికి లాగాలి. ఎవరి ఇంట్లోనైనా చావు జరిగితే పొరుగూళ్లలో చుట్టాలకు కబురు మోసుకుపోవాలి, చితికి కట్టెలు చేర్చాలి. వీటిలో కొన్ని సర్కారు పనులు, కొన్ని ఊరి పనులు, కొన్ని ఎవరి ఇంటి పనులో వాళ్లవి. ఏది ఏ కోవలోకి వస్తుందో ఎక్కడా తేల్చలేదు. అన్నిటికీ కలిపి ఒకటే జీతం.

ఆ జీతం మూడు రకాలు. ఒకటి, హాడకీ హాడోళా అనే ఇనాం భూమి. ఆ పేరు ఎముక అనే మాట నుంచి వచ్చిందంటారు. రెండు, కళ్లం దగ్గర రైతులిచ్చే బలుతం. మన దగ్గర మేర అంటామే, అదే. మూడు, ఇంటింటి రొట్టె. వాకిలి కాసే వేస్కర్ మహారు గజ్జెలు కట్టిన కర్ర పట్టుకుని సాయంత్రం ఇంటింటికీ తిరిగి అడుక్కునేవాడు. దయా పవార్ 1978లో అచ్చయిన తన ఆత్మకథకు 'బలుతం' అని పేరు పెట్టడం ఊరికే కాదు. ఆ ఒక్క మాటలో ఒక కులం ఆకలీ అవమానమూ కలిసి ఉన్నాయి.

భూమి ఒక మనిషిది కాదు, ఊళ్లోని మహార్లందరిదీ. పని కూడా అంతే, వంతుల వారీగా చెయ్యాలి. వంతు వచ్చినవాణ్ణి పాడేవార్ అనేవారు. తరాలు గడిచేకొద్దీ మహార్ల జనం పెరిగింది, భూమి పెరగలేదు. ఒక్కో ఇంటి వాటా పొయ్యి వెలిగించడానికి చాలనంతకు తగ్గిపోయింది. వాటా తగ్గిందని వంతు మాత్రం తగ్గలేదు. బొంబాయి మిల్లుల్లోనో, పట్టాలెయ్యే పనిలోనో కుదురుకున్నవాడికి కూడా ఊళ్లో ఇంత వాటా ఉంటే, ఆ పేరున ఇంట్లో మిగిలినవాళ్లలో ఎవరో ఒకరు చాకిరీకి పోవాల్సిందే. దున్నుకు బతకడానికి చాలని భూమి, మనిషిని కట్టెయ్యడానికి మాత్రం చాలింది.

ఆచారం చట్టమైంది

ఇంగ్లీషువాళ్లు వచ్చాక ఇది పోవాల్సింది. పోలేదు సరికదా, గట్టిపడింది. 1874లో బొంబాయి వంశపారంపర్య పదవుల చట్టం వచ్చింది. వతన్ పదవులు, వాటి ఆదాయాలు, వాటి వారసత్వం అన్నీ ఈ చట్టం కిందికొచ్చాయి. అందులో మహార్లది కింది తరగతి గ్రామ సేవకుల స్థానం. అంతకుముందు ఊరి ఆచారంగా ఉన్నది ఇప్పుడు సర్కారు శాసనమైంది. పని ఎగ్గొడితే ఊరి పెద్ద కోపం ఒక్కటే కాదు, తాలూకా కచేరీ నుంచి శిక్ష కూడా.

సర్కారుకు దీనివల్ల కలిగిన లాభం చిన్నది కాదు. ప్రతి ఊళ్లోనూ పిలిస్తే పలికే మనిషి ఉన్నాడు. అతనికి జీతమిచ్చేది మాత్రం ప్రధానంగా రైతు, బలుతం రూపంలో. రైతు బలుతం ఇవ్వకపోతే? మహారు పస్తుంటాడు, సర్కారు పని ఆగదు. ఒకరు పని చేయించుకుంటారు, ఇంకొకరు కూలి ఇవ్వాలి. ఇవ్వడమా మానడమా అన్నది ఆ రెండోవాడి ఇష్టం. 1927లో మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు ముట్టుకున్నాక ఈ ఏర్పాటు అసలు రూపం బయటపడింది. తలెత్తిన చోటల్లా అంటరానివాళ్లను ఊళ్లు వెలివేశాయి. బలుతం ఆపడం ఆ వెలిలో ఒక ఆయుధం. బొంబాయి ప్రభుత్వం 1928లో వేసిన స్టార్టే కమిటీలో అంబేద్కర్ కూడా సభ్యుడు. సాంఘిక బహిష్కారం అంటరానివాళ్ల మీద ఎంత భయంకరంగా పనిచేస్తోందో ఆ కమిటీ 1930 నాటి నివేదికలో రాసింది. బాదుషా ముద్ర పడ్డ హక్కు ఒక్క పూట బహిష్కారానికి కూడా నిలవలేదన్నమాట.

గ్రామ వ్యవస్థ గురించి రాసిన చాలామంది దీన్ని ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటుగా వర్ణించారు. కుమ్మరి కుండ ఇచ్చాడు, వడ్రంగి నాగలి చేశాడు, మహారు కావలి కాశాడు, అందరికీ కళ్లం దగ్గర ధాన్యం ముట్టింది, ఊరు చల్లగా ఉంది అంటారు. ఇది ఊరి నడిబొడ్డున కూర్చుని చూసిన చూపు. వెలివాడ నుంచి చూస్తే ఇంకోలా కనిపిస్తుంది. వడ్రంగి ఏ పని చేస్తాడో అందరికీ తెలుసు. మహారు ఏ పని చెయ్యకూడదో ఎవరికీ తెలియదు. ఇచ్చింది ఎంతో లెక్క ఉంది గానీ, పుచ్చుకునేదానికి లెక్క లేదు.

తెంచడానికి జరిగిన ప్రయత్నాలు

వతన్‌ను మొదట రద్దు చేసింది కొల్హాపూర్ సంస్థానం. 1918లో ఛత్రపతి సాహు మహారాజ్ తన సంస్థానంలో మహార్ వతన్‌ను ఎత్తేసి, ఆ భూముల్ని మామూలు రైతు భూములుగా మార్చాడు. వెట్టి పోతుంది, భూమి ఉంటుంది. దారి ఉందని దీనివల్ల తెలిసింది. అయితే ఒక సంస్థానం చేసిన పనిని బొంబాయి రాష్ట్రం చెయ్యలేదు.

అంబేద్కర్‌కు ఎదురైన మొదటి అడ్డంకి సర్కారు కాదు, తన జనంలోని వతన్ మమకారం. మహార్లలో చాలామందికి వతన్ గౌరవం. ఊళ్లో తమకంటూ ఉన్నది అదొక్కటే. దాన్ని వదులుకోమంటే ఉన్న అరెకరం కూడా పోతుందన్న భయం. ఈ భయం తెలివితక్కువది కాదు. చేతిలో ఉన్నది వదిలి గాల్లో ఉన్నదాన్ని పట్టుకొమ్మంటే ఎవరికైనా జంకే. అంబేద్కర్ 1927లో మొదలుపెట్టిన 'బహిష్కృత భారత్' పత్రికలో దీనిమీద వరసగా రాశారు. వతన్ మహార్ల ఎదుగుదలను తినేస్తోందని, చదువుకుని బయటపడాల్సిన పిల్లల్ని రొట్టెముక్కకు కట్టేస్తోందని ఆయన వాదన. కాని భూమిని ఊరికే వదిలెయ్యమని ఆయన అనలేదు. వెట్టి పోవాలి, భూమి నిలవాలి అన్నారు. ఈ తేడా చాలా ముఖ్యం.

1928 మార్చిలో ఆయన బొంబాయి శాసన మండలిలో 1874 చట్టానికి సవరణ బిల్లు పెట్టారు. దాని సారాంశం ఇది. వతన్‌దార్లు కోరుకుంటే చాకిరీ నుంచి విడుదల కావచ్చు, పూర్తి శిస్తు కట్టి భూమిని రైతుల్లాగే ఉంచుకోవచ్చు. బలుతం ధాన్యంగా కాక డబ్బుగా, శిస్తుతో పాటు వసూలు కావాలి. చాకిరీలో ఉండేవాళ్లు ఏ పనులు చెయ్యాలో నియమాల్లో రాయాలి. ఇందులో ఏది అతికోరిక? శిస్తు కడతామంటున్నారు. పనికి కొలత పెట్టమంటున్నారు. కూలి చేతికి వచ్చేట్టు చూడమంటున్నారు.

ఆ ఏడాది ఆగస్టులో బిల్లు మీద మాట్లాడుతూ ఆయన సర్కారు లెక్కల్ని సర్కారు ముందే విప్పారు. ఇరవై నాలుగు గంటల చాకిరీకి మహారుకు ముట్టేది ఎంత స్వల్పమో చూపారు. వంతు వచ్చిన మనిషి దొరక్కపోతే అతని తండ్రినో, ఇంట్లో ఇంకెవరినో లాక్కుపోయే పద్ధతిని సభకు చెప్పారు. జీతం ఒకరికి, చాకిరీ ఇంటిల్లిపాదికీ. బిల్లును తోసిపుచ్చితే మహార్లను సార్వత్రిక సమ్మెకు కూడగడతానని కూడా అన్నారు.

సర్కారు అసలు ఇబ్బంది డబ్బు. వెట్టి మనిషి పోతే జీతమిచ్చి మనిషిని పెట్టుకోవాలి. బిల్లు సెలెక్ట్ కమిటీకి పోయింది, ప్రభుత్వం పట్టు వీడలేదు, 1929లో దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. స్వతంత్ర కార్మిక పార్టీ పెట్టి గెలిచాక 1937 సెప్టెంబరులో మహార్ వతన్ రద్దుకు మళ్లీ బిల్లు పెట్టారు. అదే రోజుల్లో కొంకణ్‌లోని ఖోతీ భూస్వామ్య పద్ధతి రద్దుకూ బిల్లు పెట్టారు. అప్పుడు బొంబాయిలో కాంగ్రెస్ మంత్రివర్గం ఉంది. అదీ చట్టం కాలేదు.

తర్వాత జరిగింది ఇంకా విడ్డూరం. చాకిరీ తగ్గించమంటే సర్కారు వతన్ భూముల మీద శిస్తు భారం పెంచింది. దీనికి వ్యతిరేకంగా 1939 డిసెంబరులో అప్పటి అహ్మద్‌నగర్ జిల్లా హరేగావ్‌లోనూ, 1941లో నాసిక్ జిల్లా సిన్నర్‌లోనూ జరిగిన సభల్లో అంబేద్కర్ మాట్లాడారు. రైతులాగా శిస్తు కట్టాలట, మహారులాగా చాకిరీ చెయ్యాలట. రెండు కాడ్లూ ఒకే మెడ మీద.

రద్దయ్యాక కూడా

చివరకు బొంబాయి కింది తరగతి గ్రామ వతన్ల రద్దు చట్టం 1958లో వచ్చింది. అప్పటికి అంబేద్కర్ లేరు. 1956 అక్టోబరులో నాగపూర్‌లో లక్షల మంది బౌద్ధం తీసుకున్నారు. చాలా ఊళ్లలో వాళ్లు చచ్చిన గొడ్డు లాగమని తెగేసి చెప్పేశారు. చట్టం కొంతవరకు జనం తామే తెంచుకున్నదాని మీద ముద్ర వేసింది.

ఈ చట్టంతో చాకిరీ పోయింది. భూమి మాత్రం ముందు సర్కారు పరమైంది. నిర్ణయించిన సొమ్ము కడితే తిరిగి వతన్‌దారుకే ఇస్తారు. అట్లా ఇచ్చిన భూమిని కలెక్టరు అనుమతి లేకుండా అమ్మకూడదు, హద్దులు వేసి పంచుకోకూడదు. తరతరాల చాకిరీతో కొనుక్కున్న భూమికి మళ్లీ వెల కట్టారు. వెల కట్టలేనివాడి సంగతేమిటి? కట్టినవాడికైనా దక్కింది పూర్తి హక్కు కాదు. అమ్మకాన్ని ఆపడం పేదవాడి భూమి పోకుండా కాపాడడానికే అంటారు. ఆ మాటలో నిజం ఉంది. అయితే నిషేధం ఉన్నా భూములు పోయాయి. పెద్దవాళ్లు కాగితం లేకుండానో, అనుమతులు పుట్టించుకునో పట్టుకుపోయారు. 2025 నవంబరులో పుణె దగ్గర ముంఢ్వాలో సుమారు 40 ఎకరాల మహార్ వతన్ భూమి బేరం పెద్ద వివాదమై పత్రికలకెక్కింది. నగరం మీదికొచ్చి భూమి బంగారమయ్యాక ఆ ఎముకల చేను అందరికీ కావాల్సి వచ్చింది.

మన దగ్గర

మహారు ఒక్కడే చేసిన పనుల్లో మన దగ్గర కొన్ని మాలలు, కొన్ని మాదిగలు చేశారు. తోటి, తలారి, వెట్టి, నీరుగట్టి, నీరడి, సేత్‌సింధి, పేరేదైనా ఏర్పాటు ఒకటే. మద్రాసు రాష్ట్రంలో 1895 నాటి వంశపారంపర్య గ్రామ పదవుల చట్టం బొంబాయి చట్టానికి తోబుట్టువు. ఆ పదవులకు ఇచ్చిన మాన్యాల్ని అమ్మడానికి వీల్లేదు, పదవి ఉన్నంతకాలమే భూమి.

తెలంగాణ సంగతి ఇంకా ఆలోచించదగ్గది. 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఇనాందార్ల పెత్తనం పోతుందని అందరూ సంబరపడ్డారు. కాని ఆ చట్టం మొదట్లోనే, గ్రామ సేవ కోసం ఇచ్చిన ఇనాములకు ఇది వర్తించదని ఉంది. సేత్‌సింధి, నీరడి, బలూత ఇనాములని పేర్లు పెట్టి మరీ రాశారు. చాకిరీతో ముడిపడ్డ ఇనాం ఎవరి చేతిలో ఉంటుందో అందరికీ తెలిసిందే. పెద్ద ఇనాం రద్దయినప్పుడు ఆ రద్దు మేలు చిన్న ఇనాంకు రాలేదు. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో పటేల్ పట్వారీ, మునసబు కరణాల పదవులు పోయాక కూడా కింది సేవకుడు వేరే పేరుతో కచేరీ గుమ్మం దగ్గర చాలాకాలం నిలబడే ఉన్నాడు. తెలంగాణలో గ్రామ రెవెన్యూ సహాయకుల్ని ప్రభుత్వ ఉద్యోగుల్లో కలిపింది 2023లో.

డి-ఫారం పట్టా సంగతి కూడా ఈ వెలుగులోనే చూడాలి. అక్కడ చాకిరీ షరతు లేదు, కాబట్టి రెండూ ఒకటే అనడం లేదు. అసైన్డ్ భూములు చేతులు మారకుండా 1977లో తెచ్చిన చట్టం అవసరమైందే. దాన్ని గట్టిగా అమలు చేయించుకోవాలి. కాని "సర్కారు దయతో ఇచ్చింది" అన్న భాష అక్కడా ఉంది. ఆ భాష ఉన్నంతకాలం ప్రాజెక్టుకో, ఫ్యాక్టరీకో కావాల్సొస్తే "మాదే గదా" అని తీసుకోవడం సులువు. పట్టా భూమి రైతును అడిగినట్టు అసైన్డ్ రైతును అడగరు.

మనం తేల్చుకోవాల్సింది

దానమిచ్చిన ఆవుకు పళ్లెంచరాదని సామెత. ఆ సామెత ఇచ్చినవాడి పక్షాన పుట్టింది. మహార్ వతన్ చరిత్ర చూశాక మనం పళ్లెంచాలనే మేము అంటున్నాం. బరువు భూమితో రాలేదు. సేద్యం చేసి, చెరువులు తవ్వి, ఊళ్లు కాచినవాళ్లకు రావాల్సిన వాటాను మెచ్చి ఇచ్చిన బహుమతిగా చూపడంతో వచ్చింది. హక్కుగా వచ్చిన భూమికి శిస్తు ఎంతో రాసి ఉంటుంది. కట్టేస్తే రుణం తీరుతుంది. దయగా వచ్చిన భూమికి ఏం చెల్లిస్తే రుణం తీరుతుందో ఎక్కడా రాసి ఉండదు. కనుక అది తీరదు. అంబేద్కర్ 1928లో "శిస్తు కడతాం, చాకిరీ చెయ్యం" అన్న అర్థంలో బిల్లు పెట్టడం వెనక ఉన్న ఆలోచన ఇదే. ఆయన రాయితీ అడగలేదు, రైతుకున్న బాధ్యతే తన జనానికీ కావాలన్నారు.

మన వెట్టి మాన్యాల చరిత్రను ఎవరో వచ్చి రాస్తారని కూర్చుంటే లాభం లేదు. ఊళ్లలో పనిచేసే కార్యకర్తలు, విద్యార్థులు, ఉపాధ్యాయులు ముందు తమ ఊళ్లతోనే మొదలుపెట్టాలి. తాలూకా కచేరీల్లోని పాత ఇనాం రిజిస్టర్లు, సేత్వారు, పహాణీలు చూడాలి. మాన్యం ఏ సర్వే నంబరులో ఉండేది, ఎంత, ఏ చాకిరీకి ఇచ్చారు, ఇప్పుడు ఎవరి పేరున ఉంది, ఎట్లా మారింది అన్న ఐదు ప్రశ్నలకు జవాబులు రాసుకోవాలి. ఆ చాకిరీ చేసిన తరం ఇంకా కొందరు మిగిలే ఉన్నారు. వాళ్లు పోకముందే వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. మా తాతలకు మాన్యం ఉండేదని చెప్పే పెద్దమనిషిని, ఆ మాన్యానికి బదులు వాళ్ల చేత ఏమేం చేయించుకున్నారో కూడా అడగాలి.